పాత బండికి ఐదో గేరు!

గుండ్రటి లైట్లు, పొడవాటి బానెట్టు, రెండే రెండు సీట్లు... పాతకాలం స్పోర్ట్స్ కారు పక్కనుంచి వెళ్తే తల తిప్పి చూడనివాళ్లు ఉండరు. చూడ్డానికి ముద్దొస్తుంది, నిజమే. నాలుగు లైన్ల రోడ్డెక్కితేనే అసలు సంగతి బయటపడుతుంది. వేగం వంద దగ్గరకొచ్చేసరికి ఇంజిన్ గోల మొదలవుతుంది. పక్క సీట్లోవాళ్లతో మాట్లాడాలంటే అరవాల్సిందే. అప్పుడు పుడుతుంది ఆశ... గేర్‌బాక్స్ మార్చేస్తే? సైలెన్సర్ కొత్తది వేయిస్తే? మార్చొచ్చు. కానీ ఏది మారిస్తే బండి బాగుపడుతుంది, ఏది మారిస్తే బండే మిగలదు అన్నది ముందు తెలుసుకోవాలి.

* * *

కృష్ణా డెల్టాలో బండి నడపడం రెండు రకాలు. పెదపారుపూడి లాంటి చోట ఉంటే రెండూ ఒకే పూట అనుభవంలోకి వస్తాయి. ఊళ్ల మధ్య కాలవగట్ల వెంబడి మలుపులు తిరిగే రోడ్లు. కింద నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీసే ఆ నేల మీద ఎంత బాగా వేసిన రోడ్డయినా కొన్నాళ్లకు అలల్లా లేస్తుంది. అక్కడ రెండో గేరు, మూడో గేరుతోనే సరిపోతుంది. అదే ఉయ్యూరు వైపో పామర్రు వైపో వచ్చి మచిలీపట్నం - విజయవాడ జాతీయ రహదారి ఎక్కారనుకోండి... వెనక లారీ హారన్, పక్కనుంచి దూసుకుపోయే కొత్త కార్లు. మన పాత బండి మాత్రం నాలుగో గేర్లో ఆయాసపడుతూ ఉంటుంది.

తప్పు బండిది కాదు. 1950ల్లో, 60ల్లో ఈ కార్లు తయారుచేసినవాళ్ల ముందున్న రోడ్లు వేరు. నాలుగు గేర్లు చాలనుకున్నారు. నాలుగో గేర్లో ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే షాఫ్ట్ కూడా ఒక చుట్టే తిరుగుతుంది. అంతకు మించి ‘పై గేరు’ లేదు. వేగం పెరగాలంటే ఇంజిన్ చుట్లు పెరగాల్సిందే.

అంబాసిడర్‌కు అన్న!

స్పోర్ట్స్ కారంటే మనకు సంబంధం లేని విదేశీ వ్యవహారం అనుకోనక్కర్లేదు. బ్రిటన్‌లో 1955లో వచ్చిన ఎంజీఏ అనే రెండు సీట్ల కారుకు 1489 సీసీ ఇంజిన్ పెట్టారు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల ‘బి సిరీస్’ ఇంజిన్ అది. కొన్నేళ్లకు అదే 1489 సీసీ బి సిరీస్ ఇంజిన్ మన అంబాసిడర్‌లోకీ వచ్చింది! ఒకటి రెండు కార్బురేటర్లతో పరుగుపందేలకు వెళ్లింది. ఇంకొకటి ఒక్క కార్బురేటర్‌తో పెళ్లి బృందాలనూ, కలెక్టర్లనూ, ఎమ్మెల్యేలనూ మోసింది. ఎంజీఏ తర్వాత 1962లో వచ్చిన ఎంజీబీదీ అదే ఇంజిన్ వంశం. కాకపోతే 1798 సీసీ. 1980లో ఆపేసేలోగా అయిదు లక్షలకు పైగా తయారై, ప్రపంచంలో ఎక్కువమంది ముచ్చటపడి కొనుక్కున్న స్పోర్ట్స్ కార్లలో ఒకటిగా నిలిచింది.

మరో చుట్టరికం కూడా ఉంది. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్స్ 1960ల్లో తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్ గుర్తుందా? బ్రిటన్‌లో దాని పేరు ట్రయంఫ్ హెరాల్డ్. ఆ హెరాల్డ్ ఛాసీనే పొట్టిగా చేసి, పైన రెండు సీట్ల బాడీ కూర్చోబెట్టి ‘ట్రయంఫ్ స్పిట్‌ఫైర్’ అనే స్పోర్ట్స్ కారు చేశారు. అంటే మన పాత షెడ్లలో మూలుగుతున్న బండ్లకు స్పోర్ట్స్ కార్ల రక్తం ఉన్నట్టే! అందుకే అంబాసిడర్ మీద చేయి తిరిగిన పాతకాలం మిస్త్రీకి ఎంజీ ఇంజిన్ కొత్తగా అనిపించదు.

ఆ కాలపు గేర్‌బాక్సుల్లో ఇంకో తంటా ఉంది. ఎంజీఏలో, తొలినాళ్ల ఎంజీబీలో, హెరాల్డ్‌లో మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. సింక్రోమెష్ అంటే రెండు పళ్లచక్రాల వేగాన్ని సమానం చేసి, గేరు మెత్తగా పడేలా చూసే ఇత్తడి రింగు. అది లేకపోతే బండి కదులుతుండగా మొదటి గేరు వేయడానికి డబుల్ క్లచ్ తొక్కాలి. లేదంటే ‘కర్ర్...’మంటుంది. పాత లారీ డ్రైవర్లకు ఇది వెన్నతో పెట్టిన విద్య. ఈ తరానికి మాత్రం నేర్చుకోవాల్సిన పనే.

లక్ష చుట్లు మిగులు

ఐదో గేరు వల్ల ఏం ఒరుగుతుంది? ఎంజీబీనే లెక్కలోకి తీసుకుందాం. నాలుగో గేర్లో ఇంజిన్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే బండి గంటకు దాదాపు 29 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. అంటే వంద కిలోమీటర్ల వేగానికి సుమారు 3,500 చుట్లు. దీనికి 0.82 నిష్పత్తి ఉన్న ఐదో గేరు తోడైతే అదే వేగానికి 2,850 చుట్లు చాలు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు 270 కిలోమీటర్లనుకుంటే, ఆ ఒక్క ప్రయాణంలోనే ఇంజిన్ లక్ష చుట్లు తక్కువ తిరుగుతుందన్నమాట! పిస్టన్లకు అరుగుదల తక్కువ. నూనె వేడెక్కడం తక్కువ. చెవులకు హాయి. పెట్రోలు కూడా కాస్త మిగులుతుంది.

అయితే ఐదో గేరు వేగం పెంచుతుందనుకుంటే పొరపాటు. అది విశ్రాంతి గేరు. బండికి కొత్త బలం ఇవ్వదు, ఉన్న బలాన్ని పొదుపుగా వాడుకోనిస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు, ఎదురుగాలి కొట్టేటప్పుడు మళ్లీ నాలుగోకి రావాల్సిందే. పెదపారుపూడి - గుడివాడ మధ్య తిరగడానికే బండి వాడేవాళ్లకు ఐదో గేరు వేసే సందర్భమే రాదు. కాబట్టి మంచి మిస్త్రీ ముందు అడిగేది ‘ఏ గేర్‌బాక్స్ కావాలి?’ అని కాదు, ‘ఏ రోడ్డు మీద తిప్పుతారు సార్?’ అని.

ఈ సమస్యకు ఆ రోజుల్లోనే కంపెనీలు ఒక ఉపాయం చూపించాయి. దాని పేరు ఓవర్‌డ్రైవ్. గేర్‌బాక్స్ వెనక భాగంలో బిగించే అదనపు గేరు. స్విచ్ నొక్కితే పడుతుంది, మళ్లీ నొక్కితే తీసేస్తుంది. లేకాక్ కంపెనీ చేసిన ఈ ఓవర్‌డ్రైవ్‌ను ఎంజీబీకి, స్పిట్‌ఫైర్‌కు అప్పట్లోనే అదనపు సదుపాయంగా అమ్మారు. కంపెనీ నుంచే వచ్చిన వస్తువు కాబట్టి బండి అసలు రూపానికి భంగం రాదు. దొరికితే దీన్ని మించింది లేదు. దొరక్కపోతే రెండో దారి... కొత్త తరం కార్ల ఐదు గేర్ల బాక్సు తెచ్చి కూర్చోబెట్టడం. ఫోర్డ్ సియెర్రాలో వాడిన ‘టైప్ 9’ బాక్సును, మాజ్డా ఎంఎక్స్ 5 బాక్సును ఎంజీబీకి బిగించుకునే కిట్లు విదేశాల్లో చాన్నాళ్లుగా ఉన్నాయి. మన అంబాసిడర్‌కూ 1990ల మొదట్లో కంపెనీయే ఇసుజు 1800 సీసీ ఇంజిన్‌తో పాటు ఐదు గేర్ల బాక్సు ఇచ్చింది. పాత బండికి ఐదో గేరు అన్నది పిచ్చి ఆలోచనేం కాదని దీన్నిబట్టే తెలుస్తోంది కదా!

గేర్‌బాక్సుతో వచ్చే బంధుగణం

పెళ్లికూతురితో పాటు బంధువులంతా దిగినట్టు, గేర్‌బాక్స్ మారిందంటే దాని వెంట చాలా మారాలి. ముందుగా బెల్ హౌసింగ్. ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ కలిపే గంట ఆకారపు తొడుగు ఇది. ఒక కంపెనీ ఇంజిన్ బోల్టులు ఇంకో కంపెనీ బాక్సు రంధ్రాలకు కుదరవు. మధ్యలో అడాప్టర్ ప్లేటు వేయాలి. ఇక్కడే పనితనం తెలిసేది. ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకే గీతలో ఉండాలి. లేత్ మీద వెంట్రుకవాసి తేడా వచ్చినా కొన్నాళ్లకు బేరింగ్ అరుస్తుంది, క్లచ్ వణుకుతుంది.

తర్వాత క్లచ్ ప్లేటు. మధ్యలో ఉండే పళ్లు కొత్త బాక్సు షాఫ్ట్‌కు సరిపోవాలి, బయటి కొలత పాత ఫ్లైవీల్‌కు సరిపోవాలి. ఆ తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్. కొత్త బాక్సు పొడవు తేడా ఉంటే షాఫ్ట్ కోయించాలి లేదా కొత్తది చేయించాలి. చేయించాక బ్యాలెన్సింగ్ తప్పనిసరి. లేకపోతే 70 - 80 వేగంలో సీటు కింద జలదరింపు మొదలవుతుంది. స్పీడోమీటర్ కేబుల్ కొత్త బాక్సు నుంచి తీసుకుంటే మీటర్ తప్పు చూపిస్తుంది. దాన్ని సరిచేయించాలి. అన్నింటికీ చివర గేర్ రాడ్ పాత రంధ్రంలోంచే పైకి రావాలి.

ఆ చివరి మాటే అసలు గీటురాయి. రాడ్ అదే రంధ్రంలోంచి రాకపోతే ఏం చేస్తారు? ‘ఏముంది సార్, కాస్త కోసేస్తే సరి’ అని గ్యాస్ కటింగ్ తెస్తారు. బాక్సు లావుగా ఉంటే ఫ్లోర్ మధ్య సొరంగాన్ని సుత్తితో కొడతారు, అడ్డుబద్దెను కోసి పక్కకు జరుపుతారు. అంతటితో ఆ బండి మరి వెనక్కి రాదు. బోల్టులతో బిగించింది ఎప్పుడైనా విప్పొచ్చు. కోసింది మాత్రం అతికినా అతుకే.

నూనె దగ్గర కూడా జాగ్రత్త. గేర్‌బాక్స్ అనగానే చిక్కటి గేర్ ఆయిల్ పోసేయడం మనకు అలవాటు. ఎంజీబీ గేర్‌బాక్సులో పోయాల్సింది ఇంజిన్ ఆయిలే! 20డబ్ల్యూ50 పోయమని కంపెనీయే చెప్పింది. పాత బాక్సుల్లో ఇత్తడి, కంచు భాగాలుంటాయి. డిఫరెన్షియల్ కోసం తయారైన కొన్ని ఘాటైన నూనెల్లోని గంధకం మందులు ఆ లోహాలను తినేస్తాయి. గేరు సరిగా పడటం లేదని బాక్సు మార్చే ముందు, సరైన నూనె పోసి, క్లచ్ సరిచేసి చూడటం మంచిది. చాలాసార్లు రోగం అక్కడే ఉంటుంది.

చప్పుడు వేరు... బలం వేరు

ఇక సైలెన్సర్. పాత స్పోర్ట్స్ కారు అందంలో సగం దాని గొంతులోనే ఉంది. ఆ గొంతు పెంచితే బలం కూడా పెరుగుతుందని చాలామంది నమ్మకం. మద్రాసు దగ్గర షోలవరం పాత విమానాల రన్‌వే మీద ఒకప్పుడు కార్ల పందేలు జరిగేవి. అక్కడ హోరెత్తించిన ఫియట్ల కథలు విన్నవాళ్లకు ఆ నమ్మకం ఇంకా ఎక్కువ. పందెం బండి ఇంజిన్ లోపల క్యామ్ షాఫ్ట్ నుంచి కార్బురేటర్ దాకా అన్నీ మారి ఉంటాయి. అది నిమిషానికి ఆరేడు వేల చుట్ల దగ్గర బతికే ఇంజిన్. ఊళ్లో తిరిగే బండికి ఆ సైలెన్సర్ ఒక్కటి తగిలిస్తే దక్కేది చప్పుడే.

పొగగొట్టం పని ఏమిటో చూద్దాం. సిలిండర్‌లోంచి కాలిన వాయువు దెబ్బ దెబ్బగా బయటికొస్తుంది. ఒక దెబ్బ వెళ్తూ వెళ్తూ వెనక కొంచెం శూన్యం వదులుతుంది. అది తర్వాతి సిలిండర్ వాయువును లాగడానికి సాయపడుతుంది. గొట్టం మరీ సన్నగా ఉంటే వాయువు ఇరుక్కుపోతుంది. మరీ లావుగా ఉంటే దాని వేగం తగ్గి ఆ లాగుడు పోతుంది. ఫలితం? కింది చుట్లలో పుల్లింగ్ పడిపోతుంది. మన కాలవగట్టు రోడ్ల మీద కావాల్సింది ఆ కింది చుట్ల పుల్లింగే!

బి సిరీస్ ఇంజిన్‌లో ఇంకో విశేషం ఉంది. సిలిండర్లు నాలుగైనా పొగ బయటికొచ్చే ద్వారాలు మూడే. మధ్య రెండు సిలిండర్లకూ కలిపి ఒకటే ద్వారం. కాబట్టి నాలుగు గొట్టాల ‘హెడర్’ బొమ్మ చూసి ముచ్చటపడినా దీనికి కుదరదు. ఎంజీబీకి కంపెనీ ఇచ్చిన పోత ఇనుము మానిఫోల్డే చాలా బాగుంటుందని ఆ బండ్లతో పనిచేసినవాళ్లంతా ఒప్పుకుంటారు. దాన్ని తీసి సన్నటి స్టీలు గొట్టాలు వేస్తే బానెట్టు కింద వేడి, ప్యాకింగ్ దగ్గర లీకు కొత్తగా మొదలుకావచ్చు. ఆ లీకును తేలిగ్గా తీసుకోకూడదు. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఫ్లోర్ కంతల్లోంచి లోపలికొస్తే ప్రాణం మీదికొస్తుంది.

పొగగొట్టం తేలికైతే ఇంజిన్ పీల్చే గాలి పెరుగుతుంది. దానికి తగ్గట్టు కార్బురేటర్ పెట్రోలు ఇవ్వకపోతే మిశ్రమం పలచబడుతుంది. పలచబడితే వేడెక్కుతుంది, వాల్వులు కాలతాయి. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదీ మిశ్రమాన్ని పలచన చేసేదే. రెండూ కలిస్తే పాత ఇంజిన్‌కు కష్టం. అందుకే సైలెన్సర్ మార్చిన రోజే ఎస్.యు. కార్బురేటర్ సూది, జెట్టు సరిచూడాలి. స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే చాలు... లేత గోధుమరంగులో ఉంటే క్షేమం. తెల్లగా పాలిపోతే ప్రమాదం.

బందరు గాలికి ఏ లోహం?

మరి పాత సైలెన్సర్ అసలు మార్చనే వద్దా అంటే, డెల్టాలో మార్చక తప్పని కారణం ఒకటుంది. తుప్పు! పెట్రోలు మండితే పొగతో పాటు నీటి ఆవిరి కూడా వస్తుంది. బండిని రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే ఆ ఆవిరి సైలెన్సర్‌లోనే నీరై నిలిచిపోతుంది. లోపలినుంచి అది, బయటినుంచి సముద్రపు ఉప్పుగాలి... రెండువైపులా కొట్టాక మామూలు ఇనుప సైలెన్సర్ ఎన్నాళ్లని ఆగుతుంది! బందరు, దివిసీమ వైపు ఉన్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

అందుకే పాతదాని కొలతలే తీసుకుని, అదే లావు, అదే దారిలో స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించుకోవడం తెలివైన పని. 304 రకం స్టీలు ఖర్చెక్కువైనా ఉప్పుగాలికి తట్టుకుంటుంది. స్టీలు గొట్టం గొంతు కాస్త పలచగా, కీచుగా ఉంటుందన్న మాట నిజమే. లోపలి గదులు సరిగా కట్టిస్తే అది చాలావరకు సర్దుకుంటుంది. స్పోర్ట్స్ కారు అసలే నేలకు దగ్గరగా ఉంటుంది. మన స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉంటాయో తెలిసిందే. గొట్టం ఛాసీ కిందికి వేలాడకుండా చూడాలి. ఇంజిన్ ఊగినప్పుడు గొట్టమూ ఊగేలా రబ్బరు హ్యాంగర్లు పెట్టాలి. గట్టిగా వెల్డింగ్ కొట్టేస్తే మానిఫోల్డ్ దగ్గర పగులుతుంది.

చట్టం ఏమంటోంది?

ఇక్కడే చాలామంది దెబ్బతినేది. వాహనాన్ని తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. చెవులు పగిలే సైలెన్సర్‌కు వేరే శిక్ష ఉంది. కాబట్టి పని మొదలుపెట్టకముందే రవాణాశాఖ కార్యాలయంలో అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం మేలు.

పాత బండ్లకు మరో నిబంధన 2021 జులైలో వచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండిని ‘వింటేజ్’గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. షరతు ఒక్కటే. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసీ, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. పైగా ఆ నంబరుతో రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలుకు మాత్రమే రోడ్డెక్కాలి.

ఆ షరతులో గేర్‌బాక్స్ పేరు లేదు, సైలెన్సర్ పేరూ లేదు. కానీ గేర్‌బాక్స్ కోసం ఫ్లోరు కోస్తే అది బాడీ మార్పు. అడ్డుబద్దె కోస్తే ఛాసీ మార్పు. ఇందాకటి గ్యాస్ కటింగ్ ఖరీదు ఎంతో ఇప్పుడు తెలుస్తుంది! పది నిమిషాల కోత, యాభై ఏళ్ల గుర్తింపును పట్టుకుపోతుంది.

చైతన్యరథం చెప్పే మాట

అలాగని మార్చిన ప్రతి బండీ విలువ పోగొట్టుకుంటుందా? పెదపారుపూడికి పక్క మండలమే పామర్రు. అందులోని నిమ్మకూరు ఎన్టీఆర్ సొంతూరు. 1982లో పార్టీ పెట్టాక ఆయన జనంలోకి వెళ్లింది పాత షెవర్లే వ్యాను మీదే. దాన్ని ప్రచారానికి తగ్గట్టు మార్చి, పైన నిలబడి మాట్లాడే వీలు కల్పించి ‘చైతన్యరథం’ అని పేరుపెట్టారు. స్టీరింగ్ కొడుకు హరికృష్ణది. 1983లో ఎన్టీఆర్ గుడివాడ నుంచి గెలిచారు, ముఖ్యమంత్రి అయ్యారు. ఆ వ్యాను కంపెనీ ఇచ్చిన రూపంలో ఉండి ఉంటే ఇన్ని షెవర్లేల్లో అదీ ఒకటయ్యేది. మారిన రూపమే దాని చరిత్ర.

అంటే మార్పు తప్పు కాదు. ఎందుకు మారుస్తున్నామో తెలియకుండా మార్చడమే నష్టం. ఎండలో వానలో రోడ్డెక్కాల్సిన బండికి ఓవర్‌డ్రైవో, ఐదో గేరో న్యాయమే. వాడని బండి ఎలాగూ పాడవుతుంది. అది లేకపోతే బండిని షెడ్డులోంచి తీయనే తీయం అనుకుంటే, పెట్టించుకోవడమే దానికి మేలు. ఏడాదికోసారి ర్యాలీకి వెళ్లే బండికి మాత్రం పుట్టినప్పటి నాలుగు గేర్లే అందం.

ఏది చేసినా ఒక్క నియమం... విప్పితే మళ్లీ మొదటికి రావాలి. పని మొదలుపెట్టే ముందు అన్ని వైపులా ఫొటోలు తీసిపెట్టుకోండి. విప్పిన ప్రతి బోల్టుకూ చీటీ కట్టండి. తీసేసిన గేర్‌బాక్స్‌ను, మానిఫోల్డ్‌ను పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి వేయకండి. నూనె పట్టించి, గోనెసంచిలో చుట్టి, బండి నంబరు రాసి తడి తగలని చోట పెట్టండి. మీకు అది అడ్డంగా ఉన్న 30 - 40 కిలోల ఇనుము. మీ తర్వాత ఆ బండి చేతికొచ్చినవాళ్లు ముందు వెతికేది ఆ సంచి కోసమే.